పండగ రోజుల్లో అలర్జీ ఉన్న పిల్లలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పండగ దగ్గర పడుతోందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది?" దగ్గర్నుంచి "మా అత్తగారికి ఎలా చెప్పను?" దాకా అవే సందేహాలు. మా అమ్మాయికి పల్లీలు, జీడిపప్పు అలర్జీ అని ఏడాదిన్నర వయసులో తెలిసింది. ఇప్పుడు తనకి 11 ఏళ్లు. ఈ మధ్యలో మేం నేర్చుకున్నవీ, డాక్టర్లు చెప్పినవీ, చేసిన తప్పులూ కలిపి ఇక్కడ రాశాను. నేను డాక్టర్ని కాను. మీ పిల్లల డాక్టరు రాసిచ్చిన కాగితం ఒకటి చెప్పి, నేను ఇంకొకటి చెబితే ఆ కాగితాన్నే నమ్మండి.

## పండగకు ముందు

"పడదు" అంటే అలర్జీయేనా? మా బాబుకి పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది, అదీ ఇదేనా?

కాకపోవచ్చు. మనం "పడదు" అనే ఒక్క మాటతో అన్నీ కానిచ్చేస్తాం. చిక్కు అక్కడే మొదలవుతుంది. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరగక కడుపు ఉబ్బడం, విరేచనాలు కావడం ఒక సమస్య. అది ఇబ్బంది పెడుతుంది గానీ ప్రాణం మీదికి తేదు. అలర్జీ వేరు. అందులో పాల ప్రోటీన్‌ని ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా చూస్తుంది, కొందరికి ఒక చెంచా కూడా అక్కర్లేదు. లాక్టోజ్ తీసేసిన పాలు మొదటి రకం పిల్లలకి సరిపోతాయి. రెండో రకం పిల్లలకి అవి మామూలు పాలంత ప్రమాదం, ఎందుకంటే ప్రోటీన్ అందులో అలాగే ఉంటుంది. మీ బాబుది ఏదో పండగలోపు డాక్టర్ని అడిగి తేల్చుకోండి.

బంధువులకి ఎలా చెప్పాలి? చెబితే "మరీ అతి చేస్తోంది" అంటారు.

"మా పాపకి పల్లీలు పడవు" అంటే వాళ్లకి వినిపించేది "కాస్త అజీర్తి చేస్తుంది" అని. నేను రెండేళ్లు అలాగే చెప్పి, ఎవరూ పట్టించుకోవడం లేదని బాధపడ్డాను. ఇప్పుడు "తింటే గొంతు వాచి ఊపిరాడదు, ఇంజెక్షన్ వేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి" అంటాను. ఆ మాట విన్నాక ఎవరూ నవ్వలేదు.

గుమ్మంలో చెప్పులు విప్పుతూ చెప్పే విషయం కాదిది. కనీసం వారం ముందే, వంట ఎవరు చేస్తారో వాళ్లకే నేరుగా చెప్పండి. ఫోన్లో చెప్పాక అదే విషయం రెండు ముక్కల్లో మెసేజ్ కూడా పెట్టండి. హడావిడిలో విన్నది మర్చిపోతారు, మెసేజ్ అయితే మళ్లీ చూసుకుంటారు. "మీరేమీ ప్రత్యేకంగా వండక్కర్లేదు, ఏ వంటలో ఏం వేశారో చెబితే చాలు" అంటే సగం టెన్షన్ వాళ్లకీ తగ్గుతుంది.

టెస్టులో పాజిటివ్ వచ్చింది, కానీ తిన్నప్పుడు ఎప్పుడూ ఏమీ కాలేదు. పండక్కి పెట్టొచ్చా?

చర్మం మీద గుచ్చి చేసే పరీక్షలోనో రక్త పరీక్షలోనో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టే కాదు. ఆ పదార్థాన్ని ఒళ్లు గుర్తుపడుతోందని మాత్రమే దానర్థం. రోజూ హాయిగా తింటున్న దాన్ని రిపోర్టు చూసి భయపడి సొంతంగా మానిపించకండి, డాక్టర్ని అడగండి. ఇంతవరకూ తిననే లేదంటే మాత్రం తొలి ప్రయత్నం పండగ రోజు వద్దు. అలాంటివి డాక్టరు ఎదురుగా, కొద్ది కొద్దిగా తినిపించి చూసే పద్ధతి ఉంది.

ఏయే పదార్థాల మీద కన్నేసి ఉంచాలి?

పిల్లల్లో ఎక్కువగా కనిపించేవి పాలు, గుడ్డు, పల్లీలు, జీడిపప్పు బాదం అక్రోట్ పిస్తా లాంటి గింజలు, గోధుమ, సోయా, చేప, రొయ్య పీత జాతి, నువ్వులు. అమెరికాలో నువ్వుల్ని లేబుల్ మీద తప్పనిసరిగా రాయాలన్న నియమం 2023 జనవరి 1 నుంచే అమల్లోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్ జాబితాలో 14 రకాలున్నాయి, ఆవాలు కూడా అందులో ఒకటి. అంటే ఒక దేశంలో తప్పకుండా రాసేది ఇంకో దేశం నుంచి వచ్చిన డబ్బా మీద ఉండకపోవచ్చు. విదేశాల నుంచి చుట్టాలు తెచ్చిన చాక్లెట్ల విషయంలో ఇది గుర్తుంచుకోండి.

మందుల సంచిలో ఏమేం ఉండాలి?

డాక్టరు రాసిస్తే అడ్రినలిన్ ఆటోఇంజెక్టర్లు రెండు, అంటే మందు ముందే నింపి ఉండే, తొడకి నొక్కి వేసే ఇంజెక్షన్లు. ఒకటి చాలదా అని అడుగుతారు. కొన్నిసార్లు ఒక డోసుతో తగ్గదు, కొన్నిసార్లు కంగారులో మొదటిది సరిగ్గా పడదు, అందుకే రెండు. వాటితో పాటు అలర్జీ మందు, ఆస్తమా ఉంటే ఇన్‌హేలరూ దానికి తగిలించే గొట్టం, అంటే స్పేసరూ, ఏ లక్షణానికి ఏం చేయాలో డాక్టరు రాసిచ్చిన కాగితం.

ఎక్స్‌పైరీ తేదీ ఇప్పుడే చూడండి, పండగ సెలవుల్లో కొత్తది దొరకడం కష్టం. ఇంజెక్టర్ని మామూలు గది వేడిలో, అంటే 20 నుంచి 25 డిగ్రీల దగ్గర, వెలుతురు తగలకుండా ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎండలో ఆపిన కారులో అసలే వదలకూడదు. సంచి పిల్ల ఎక్కడుంటే అక్కడే ఉండాలి. పిల్ల మేడ మీద ఆడుకుంటూ సంచి కింద గదిలో తాళం పెట్టిన పెట్టెలో ఉంటే అది లేనట్టే లెక్క.

మా దగ్గర ఆటోఇంజెక్టర్లు దొరకవు. మరి ఎలా?

చాలా దేశాల్లో ఇదే పరిస్థితి. అలాంటి చోట్ల కొందరు డాక్టర్లు అడ్రినలిన్ ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు బుడ్డి), సిరంజి ఇచ్చి ఇంట్లో వాళ్లకి నేర్పిస్తారు. పిల్లలకి డోసు కిలో బరువుకి 0.01 మిల్లీగ్రాము. మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము ఉండే ఆంప్యూల్ అయితే 15 కిలోల పిల్లకి 0.15 మిల్లీలీటరు. ఈ లెక్క ఆ క్షణంలో వేసుకునేది కాదు. డాక్టరే మీ పిల్ల బరువుకి ఎంతో రాసివ్వాలి, సిరంజి మీద ఆ గీత ఎక్కడుందో మీకు చూపించాలి. మీరు డాక్టరు ముందు రెండు మూడుసార్లు నీళ్లతో లాగి చూపించాలి. పిల్ల ఎదిగితే డోసు మారుతుంది, కాబట్టి ఏటా మళ్లీ అడగండి.

పిల్లకి ఎంత వయసు నుంచి చెప్పొచ్చు?

మాటలొచ్చినప్పటి నుంచే. మూడేళ్ల పిల్లకి "ప్రోటీన్" తెలియకపోయినా "అమ్మని అడిగి తింటా" అనడం వస్తుంది. మేం దాన్ని ఇంట్లో ఆటలా ఆడేవాళ్లం. నేను పిన్నిలా నటించి "తినమ్మా, ఒక్కటేగా" అనేదాన్ని, అది చేతులు వెనక్కి పెట్టుకుని తల అడ్డంగా ఊపేది. భయపెట్టకండి. "తింటే చచ్చిపోతావు" అని విన్న పిల్ల సురక్షితమైన తిండి కూడా మానేస్తుంది.

## వంటింట్లో, కొనేటప్పుడు

పైన చల్లిన జీడిపప్పు తీసేసి పెడితే సరిపోదా?

సరిపోదు. పప్పు పోయినా దాని పొడి, నూనె అక్కడే అంటుకుని ఉంటాయి. కొందరు పిల్లలకి ఆవగింజంత చాలు. గుడ్డు పూసిన రొట్టె పైపొర గీకేయడం, చారులోంచి రొయ్యలు ఏరేయడం, ఇవన్నీ ఇంతే.

విడిగా వండాం, అయినా దద్దుర్లు వచ్చాయి. ఎలా?

గరిటె చూడండి. మాకు జరిగింది ఇదే. మా అక్క పాప కోసం అన్నీ శ్రద్ధగా విడిగా చేసి, గిన్నె మీద మూత పెట్టి, మూత మీద పాప పేరు రాసిన చీటీ కూడా అంటించింది. వడ్డించే వేళకి ఎవరో ప్రేమగా "పాపకి నేను పెడతా" అంటూ చేతిలో ఉన్న చెంచాతోనే తీసి పెట్టారు. అంతకు ముందు క్షణం ఆ చెంచాతోనే జీడిపప్పు పలుకులు చల్లారు. చెంచా వెనక వైపు ఒక చిన్న పలుకు అంటుకుని ఉంది. తర్వాత నేను చూశాను.

వంట విడిగా చేస్తే గరిటె, చాకు, కోసే చెక్క, జల్లెడ, చేతిగుడ్డ కూడా విడిగా ఉండాలి. కుదరకపోతే అలర్జీ ఉన్న పిల్లది అన్నింటికంటే ముందు, శుభ్రంగా కడిగిన గిన్నెల్లో వండేసి మూతపెట్టి వేరే గదిలో ఉంచేయండి.

బాగా వేయిస్తే, ఉడికిస్తే అలర్జీ గుణం పోతుంది కదా?

పల్లీల విషయంలో పోకపోగా, వేయిస్తే ఇంకాస్త పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. పాలు, గుడ్డు మాత్రం కొంచెం వేరు. వాటికి అలర్జీ ఉన్న పిల్లల్లో చాలామంది, కేకులా పిండిలో కలిపి ఎక్కువ వేడిలో ఎక్కువసేపు కాల్చినప్పుడు తట్టుకోగలరు. కానీ మీ పిల్ల ఆ చాలామందిలో ఉందో లేదో డాక్టరు దగ్గరే తేలాలి. కేకు తిన్నాడు కదా అని కాఫీ కప్పులో పాలు పోసివ్వడం, ఉడికించిన గుడ్డు పెట్టడం చేయకండి.

పల్లీ నూనె వాడిన వంట తినొచ్చా?

బాగా శుద్ధి చేసిన నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు. గానుగలో ఆడించిన నూనెలో ఉంటుంది. వేరే వాళ్ల ఇంట్లో ఏది వాడారో సీసా చూస్తే తప్ప తెలియదు కాబట్టి నేను వద్దనే అంటాను. అంతకంటే పెద్ద సమస్య వేపుడు మూకుడు. మొదటి వాయిలో రొయ్యలో, గుడ్డు పూసినవో వేయించి, అదే నూనెలో రెండో వాయి ఆలుగడ్డ ముక్కలు వేస్తారు. అడిగితే "ఆలుగడ్డే, ఏమీ వేయలేదు" అంటారు. అది అబద్ధం కాదు పాపం, నూనె సంగతి వాళ్లకి తట్టలేదంతే.

ప్యాకెట్ మీద "పల్లీలు ఉండవచ్చు" అని రాశారు. తినొచ్చా?

అలర్జీ తీవ్రంగా ఉన్న పిల్లకి వద్దు. ఒకే యంత్రం మీద రెండు రకాలూ తయారవుతున్నాయని చెప్పడానికి ఆ మాట రాస్తారు. తిరకాసు ఏమిటంటే, చాలా దేశాల్లో ఈ హెచ్చరిక కంపెనీ ఇష్టం, రాసి తీరాలని లేదు. కాబట్టి రాయలేదంటే లేదని కాదు. తప్పనిసరి అయ్యేది పదార్థాల జాబితా ఒక్కటే. అనుమానం ఉంటే కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి.

ఏటా కొనే చాక్లెట్టే. ప్రతిసారీ చదవాలా?

చదవాలి. కంపెనీలు చెప్పాపెట్టకుండా పదార్థాలు మారుస్తాయి. పండగ సీజన్లో వచ్చే రకరకాల ఆకారాల చాక్లెట్లు, బుల్లి సైజువి, మామూలు బిళ్ల తయారయ్యే చోట కాక వేరే చోట తయారు కావచ్చు. పేరు ఒకటే, రంగు ఒకటే, వెనక రాసింది వేరు. నేను మూడుసార్లు చదువుతాను: కొనేటప్పుడు, ఇంట్లో సర్దేటప్పుడు, పిల్ల చేతికి ఇచ్చేటప్పుడు.

"వీగన్" అని ఉంటే పాల అలర్జీకి భయం లేదా?

అది ఆహారపు అలవాటు గురించిన మాట, అలర్జీకి హామీ కాదు. పాలు వేయకపోయినా పాలు వాడే యంత్రం మీదే తయారు కావచ్చు. పైగా అలాంటి వాటిలో పాల బదులు జీడిపప్పు, బాదం, సోయా వాడటం మామూలే. ఒక అలర్జీ తప్పించుకుని ఇంకోదాంట్లో పడతాం.

విడిగా తూకం వేసి ఇచ్చే స్వీట్ల సంగతి?

మేం కొనం. పళ్లాలన్నీ పక్కపక్కనే, పట్టుకారు ఒక్కటే. అమ్మే అబ్బాయికి ఏ పళ్లెంలో ఏముందో తెలిసే ఉండొచ్చు, కానీ ఆ పట్టుకారు ఇంతకు ముందు ఏ పళ్లెంలో మునిగిందో గుర్తుండదు.

చేతులకి శానిటైజర్ రాసుకుంటే చాలా?

చాలదు. శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది, ప్రోటీన్‌ని తీసేయదు, చేతి మీదే అటూ ఇటూ పులుముతుంది. సబ్బూ నీళ్లూ కావాలి, లేదంటే తడి వైప్స్. పల్లీల మీద చేసిన పరీక్షల్లో ఉత్త నీళ్లతో, శానిటైజర్‌తో కడిగిన కొన్ని చేతుల మీద అలర్జీ ప్రోటీన్ మిగిలిపోయింది, సబ్బుతో కడిగితే పోయింది. తిన్న పిల్లలంతా ఆడుకోవడానికి వెళ్లే ముందు చేతులు కడుక్కోవాలని రూలు పెట్టండి. అందరికీ పెడితే మీ పిల్లని వేరు చేసినట్టూ ఉండదు.

## పండగ రోజు

ఇంట్లో తినిపించి తీసుకెళ్తే వాళ్లు ఏమనుకుంటారు?

ఏదో ఒకటి అనుకుంటారు, అనుకోనివ్వండి. కడుపు నిండిన పిల్ల కంటపడ్డదల్లా నోట్లో పెట్టుకోదు. మేం ఇంట్లో తినిపించి, వెంట ఒక డబ్బా కూడా తీసుకెళ్తాం. వాళ్లింట్లో చేసిన వాటిలాగే కనిపించేవి ఆ డబ్బాలో ఉంటే పిల్లకి చిన్నతనంగా అనిపించదు. ఏం చేస్తున్నారో ముందే అడిగేది కొంత ఇందుకు కూడా.

అందరం ఉన్నాం కదా, ఎవరో ఒకరు చూస్తారులే అనుకోవచ్చా?

సరిగ్గా అలా అనుకున్నప్పుడే జరుగుతుంది. అమ్మ నాన్న చూస్తున్నాడనుకుంటుంది, నాన్న అమ్మమ్మ చూస్తోందనుకుంటాడు, అమ్మమ్మ ఫోటో దిగుతూ ఉంటుంది. ఏ నిమిషంలో చూసినా "ఇప్పుడు పాప నా బాధ్యత" అనే మనిషి ఒక్కరు ఉండాలి. మేం మందుల సంచినే గుర్తుగా పెట్టుకున్నాం. సంచి ఎవరి భుజానికి ఉంటే పాప వాళ్లది. మార్చుకునేటప్పుడు సంచి చేతికిచ్చి "ఇక నువ్వు" అనాలి, అవతలివాళ్లు "సరే" అనాలి. మొదట్లో అందరూ నవ్వారు. ఇప్పుడు మా బాబాయి కూడా భుజానికి వేసుకుంటాడు.

బఫేలో ఎలా?

అందరికంటే ముందు మీ పిల్లకి వడ్డించేయండి. పది మంది వచ్చి వెళ్లాక ఒక గిన్నె గరిటె ఇంకో గిన్నెలో ఉంటుంది. రెండోసారి వడ్డన మానేయండి, మొదటిసారే సరిపడా పెట్టుకుని పక్కన ఉంచుకోండి.

తాతయ్యలు, అమ్మమ్మలు ముద్దులు పెడతారు. అదీ ప్రమాదమేనా?

పల్లీలు తిన్న నోటితో బుగ్గ మీద ముద్దు పెడితే సాధారణంగా అక్కడే ఎర్రగా దద్దు వచ్చి పోతుంది. కడిగేస్తే చాలు, కానీ పిల్లని కాసేపు గమనించండి. పెదాల మీద, చంటిపిల్లల చేతుల మీద ముద్దులు వద్దు. ఎంగిలి చెంచాతో పెట్టడం, కొరికి సగం ఇవ్వడం మరీ ప్రమాదం. పళ్లు తోముకున్నా తిన్న వెంటనే లాలాజలంలో ప్రోటీన్ పూర్తిగా పోదు.

వాసనకే రియాక్షన్ వస్తుందా?

పల్లీల డబ్బా మూత తీస్తే వచ్చే వాసన వల్ల రాదు. వాసన కలిగించే పదార్థాలు వేరు, అలర్జీ తెచ్చే ప్రోటీన్ వేరు. చేపలు, రొయ్యలు ఉడుకుతున్నప్పుడు లేచే ఆవిరి, గాల్లోకి ఎగిరే గోధుమపిండి మాత్రం వేరే కథ. వాటిలో ప్రోటీన్ ఉంటుంది. అవి పడని పిల్లలకి, ముఖ్యంగా ఆస్తమా ఉంటే, దగ్గు, ఆయాసం రావచ్చు. వంట జరిగేంతసేపు పిల్లని వంటింటికి దూరంగా ఉంచండి.

మిగతా పిల్లలు తింటుంటే మా వాడు ఏడుస్తాడు. చూడలేకపోతున్నా.

నిజమే, ఇది మందుల సంచిలో దొరికే పరిష్కారం కాదు. మాకు కొంత పనికొచ్చింది చెబుతాను. పిల్లలకి పంచేవి తిండి కాకుండా బొమ్మలు, రంగు పెన్సిళ్లు, స్టిక్కర్లు అయితే ఆ సమస్యే రాదు. మేం పిలిచే రోజున అలాగే చేస్తాం. వేరే ఇంట్లో అయితే పిల్లకి వచ్చిన స్వీట్లు నాకిస్తే బదులుగా తనకి నచ్చింది ఇస్తానని ముందే ఒప్పందం. ఏడిస్తే ఏడవనివ్వండి, "ఇందులో ఏముందిలే" అనకండి. పిల్లకి అందులో చాలానే ఉంది.

పెద్దపిల్లాడు, 15 ఏళ్లు. ఇంకా వెంటపడాలా?

వెంటపడనక్కర్లేదు గానీ వదిలేయకూడదు. తిండి అలర్జీ వల్ల ప్రాణాపాయం ఎక్కువగా జరిగేది కౌమారంలో, ఇరవైల మొదట్లో. స్నేహితుల ముందు అడగడానికి సిగ్గు, ఇంజెక్టరు జేబులో పట్టదని ఇంట్లో వదిలేయడం, రెండూ ఆ వయసువే. కనీసం ఇద్దరు స్నేహితులకి ఇంజెక్టర్ ఎక్కడుందో, ఎలా వేయాలో తెలిసి ఉండాలని షరతు పెట్టండి. మీకంటే వాళ్లే దగ్గర ఉంటారు.

చంటిదానికి పండగ రోజు మొదటిసారి పల్లీ రుచి చూపించొచ్చా? పెద్దవాడికి అలర్జీ ఉంది.

పిల్లలకి పల్లీలు ఆలస్యం చేయడం మంచిదన్న పాత సలహా ఇప్పుడు లేదు. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పసిపిల్లలకి తొందరగా పెట్టడం మొదలుపెడితే పల్లీ అలర్జీ బాగా తగ్గిందని 2015లో వెలువడిన పెద్ద అధ్యయనం చూపించింది. అయితే గట్టి గింజలు కాదు, గొంతుకి అడ్డం పడతాయి, మెత్తగా చేసి పెట్టాలి. రోజు మాత్రం వేరేది ఎంచుకోండి. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎండి దురద పెట్టే సమస్య) ఉంటే ముందు డాక్టర్ని అడగండి. చుట్టాలు, చప్పుడు, పది రకాల తిండి మధ్య దద్దు వస్తే దేనివల్ల వచ్చిందో తెలియదు.

## తిండి కాని వాటి గురించి

బెలూన్లు, రంగులు, ఆటబంకమట్టి లాంటివి?

బెలూన్ల రబ్బరు, అంటే లాటెక్స్, కొందరు పిల్లలకి పడదు. వాళ్లకి మెరిసే రేకు బెలూన్లు నయం. లాటెక్స్ అలర్జీ ఉన్నవారిలో కొందరికి అరటిపండు, అవకాడో, కివీ కూడా తేడా చేస్తాయి. పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమట్టిలో చాలా రకాలు గోధుమపిండితో చేసినవే. గోధుమ అలర్జీ ఉన్న పిల్ల అది పిసికి వేలు నోట్లో పెట్టుకుంటే సమస్య. తాత్కాలికంగా వేసే నల్లటి టాటూల్లో నలుపు కోసం కలిపే పీపీడీ అనే రసాయనం వల్ల బొబ్బలు రావచ్చు, ఆ తర్వాత జీవితాంతం జుట్టురంగు పడకుండా పోవచ్చు. పిల్లలకి అసలు వేయించకండి.

అటక మీది అలంకరణ పెట్టెలు తీసినప్పుడల్లా పాపకి తుమ్ములు, ఆయాసం. ఎందుకు?

ఏడాది దుమ్ము, అందులో ఉండే సూక్ష్మ పురుగులు, బూజు. పెట్టెలు పిల్ల లేనప్పుడు బయట విప్పి తడిగుడ్డతో తుడవండి, బట్టవైతే 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి. సువాసన కొవ్వొత్తులు, పొగ, ఘాటు సెంట్లు అలర్జీ కాకపోయినా శ్వాసనాళాల్ని రేపుతాయి, ఆస్తమా ఉన్న పిల్లకి పిల్లికూతలు తెప్పిస్తాయి. వెళ్లే ఇంట్లో పిల్లి ఉందా అని కూడా అడగండి. పిల్లిని పక్క గదిలో పెట్టినా సోఫాలో దాని తాలూకు ప్రోటీన్ నెలల తరబడి ఉంటుంది.

## రియాక్షన్ వస్తే

మామూలు దద్దురో, ప్రమాదమో ఎలా తెలుస్తుంది?

ఒంటి మీద కొన్ని దద్దుర్లు, పెదవి కాస్త ఉబ్బడం, నోట్లో దురద మాత్రమే అయితే తేలికపాటిది. అయినా కళ్లు తిప్పకుండా చూడాలి, ఎంత త్వరగా ముదురుతుందో చెప్పలేం. గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, నాలుక వాపు, పాలిపోయి సోలిపోవడం, వీటిలో ఒక్కటి ఉన్నా ప్రమాదం. దద్దుర్లతో పాటు ఆగని వాంతులు మొదలైనా అంతే. ఎక్కువగా తిన్న నిమిషాల నుంచి రెండు గంటల లోపే మొదలవుతుంది. అసలు దద్దుర్లే లేకుండా కూడా తీవ్రమైన రియాక్షన్ రావచ్చు, కాబట్టి "ఒళ్లు బాగానే ఉంది" అని ఊరుకోకండి.

చిన్నపిల్ల చెప్పలేదు కదా. ఏం గమనించాలి?

మా పాపకి నాలుగేళ్లప్పుడు "అమ్మా, నాలుక మీద చీమలు పాకుతున్నాయి" అంది. అంటూ గౌను చేతిని నోట్లో పెట్టుకుని నాలుకని గట్టిగా రుద్దుతోంది. ఆటేమో అనుకుని ఒక నిమిషం పోగొట్టాను. "నోరు మండుతోంది", "గొంతులో ఏదో ఉంది", "గుచ్చుకుంటోంది" అని పిల్లలు వాళ్ల మాటల్లో చెబుతారు. మాటలు రాని పిల్లలు నాలుక బయటికి చాపి గీరుకుంటారు, చెవులు లాక్కుంటారు, ఉన్నట్టుండి ఒళ్లో ముడుచుకుపోతారు. ఏడుపు గొంతు మారినా వినండి.

ముందు అలర్జీ మాత్ర వేసి, తగ్గకపోతే ఇంజెక్షన్ వేద్దామా?

తీవ్రమైన రియాక్షన్‌లో ఆ వరస తప్పు. అలర్జీ మందు దురద తగ్గిస్తుంది, గొంతు వాపునీ పడిపోతున్న బీపీనీ ఆపలేదు. ఆ పని అడ్రినలిన్‌దే, ఎంత ముందు పడితే అంత మంచిది. తొడ మధ్యలో బయటి వైపు, కండలోకి వేయాలి. అవసరమైతే ప్యాంటు మీది నుంచే వేయొచ్చు, పిల్ల కాలు కదపకుండా గట్టిగా పట్టుకోండి. పరికరం మీద ఎన్ని సెకన్లు నొక్కి ఉంచాలో రాసి ఉంటుంది. ఆ తర్వాత అంబులెన్సుకి ఫోన్ చేయండి. 5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే రెండో డోసు. వాంతి చేయించడానికి గొంతులో వేళ్లు పెట్టకండి.

అవసరం లేకుండా వేసేస్తే పిల్లకి ఏమైనా అవుతుందా?

గుండె దడ, వణుకు, మొహం పాలిపోవడం కాసేపు ఉంటాయి, తగ్గిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లకి సరైన డోసు తొడలో పడితే పెద్ద హాని ఉండదు. ఆలస్యం చేయడం వల్ల జరిగే నష్టమే పెద్దది. వేయాలా వద్దా అని ఇద్దరు పెద్దవాళ్లు వాదించుకుంటున్నారంటే, వేసేయాల్సిన సమయం వచ్చినట్టే.

పిల్లని ఎత్తుకుని కారు దగ్గరికి పరిగెత్తాలా?

వద్దు. తీవ్రమైన రియాక్షన్‌లో హఠాత్తుగా లేపి నిలబెట్టడం, నడిపించడం ప్రమాదం, రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. ఆయాసంగా ఉంటే కాళ్లు చాపి కూర్చోబెట్టండి. వాంతి అవుతుంటే, స్పృహ తగ్గితే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. అంబులెన్సు రాలేని చోటైతే తీసుకెళ్లక తప్పదు, అప్పుడు కూడా పడుకోబెట్టే తీసుకెళ్లండి.

ఇంజెక్షన్ తర్వాత హాయిగా ఆడుకుంటోంది. ఆసుపత్రి ఎందుకు?

మందు ప్రభావం కాసేపే. కొన్ని గంటల తర్వాత, మళ్లీ ఏమీ తినకుండానే, రియాక్షన్ తిరిగి రావచ్చు. అందుకే ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచి చూస్తారు, తీవ్రతను బట్టి ఒక రాత్రి కూడా ఉంచుతారు. పండగ భోజనం ఆగిపోయిందని ఎవరైనా మొహం చిన్నబుచ్చుకుంటే తర్వాత మాట్లాడుకోవచ్చు.

## పండగ అయ్యాక

తెలియక పెట్టిన బంధువులతో ఎలా మాట్లాడాలి?

ఆ రోజు మాట్లాడకండి. వాళ్లు కూడా రాత్రంతా నిద్రపోయి ఉండరు. రెండు మూడు రోజులాగి "తప్పు ఎవరిదో కాదు, ఎక్కడ జరిగిందో చూద్దాం" అని మొదలుపెట్టండి. మా అక్క విషయంలో అలాగే తేలింది చెంచా సంగతి. "ఒక్కటి తింటే అలవాటవుతుంది" అని కావాలనే పెట్టినవాళ్లుంటే మాత్రం మొహమాటం వద్దు, ఆ ఇంట్లో మీ పిల్ల ఇకపై మీరు లేకుండా తినదు.

మిగిలిన స్వీటు డబ్బాలు ఏం చేయాలి?

పదార్థాల జాబితా లేనివి, పేరు చిరిగిపోయినవి అదే రోజు పంచేయండి. ఉంచుకునేవి పిల్లకి అందని అరలో, మూత మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి. ఒకసారి ఖాళీ అయిన డబ్బాలో పిల్లకి సురక్షితమైనవి పోయకండి. అడుగున పొడి ఉంటుంది, పైగా ఆ బొమ్మ ఉన్న డబ్బా తనదే అని పిల్ల అనుకుంటుంది. వచ్చే ఏడాది అదే బొమ్మ డబ్బా ఇంకొకరి ఇంట్లో కనిపిస్తుంది.